ముసలి కంప్యూటరుకు మరికొన్ని ఏండ్లు

దసరా దీపావళుల నడుమ ఇల్లు దులుపుకొను దినములలో గడప వెలుపలికి వచ్చు వస్తువులను పరికించినచో ఆ కాలపు సంసారమెట్టిదో తెలియును. వెనుకటి తరములో పగిలిన జాడీలు, నులక తెగిన మంచములు, అడుగు మాడిన గిన్నెలు వచ్చెడివి. నేడు తెల్లాపూరు మేడలలో వానితోపాటు కంప్యూటర్లు వచ్చుచున్నవి. మూత మూసిన ల్యాప్‌టాపు, దానికి చుట్టిన చార్జరు, పైన ఒక పాత మౌసు. ఇంతయు ఒక అట్టపెట్టెలో పెట్టి పాత సామానులవానికి అప్పగింతురు. "అది మెల్లగా నడచుచున్నది" అనుటయే దానిపై మోపబడిన నేరము. ఎందులకు మెల్లగా నడచుచున్నదో తెరచి చూచినవారు అరుదు.

తెల్లాపూరు మొన్నమొన్నటి వరకు పొలముల ఊరు. 1960 దశకములో ప్రక్కనున్న రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసినది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము కూడ ఆ చుట్టుపట్లనే స్థిరపడినది. అయినను ఊరి రూపము అంతగా మారలేదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట సాఫ్ట్‌వేరు కార్యాలయములు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా పడమరకు ప్రాకుచు రాగా, ఆ కార్యాలయములలో పనిచేయువారి నివాసములు నల్లగండ్ల దాటి తెల్లాపూరు పొలములలో నిలిచినవి. 2018లో ఊరు పురపాలక సంఘమైనది. 2019లో లింగంపల్లినుండి తెల్లాపూరు మీదుగా రామచంద్రాపురము వరకు లోకల్ రైలు నడచినది. కంప్యూటరే ఈ ఊరికి ఇన్ని మేడలను తెచ్చినది. ఆ కంప్యూటరుకే ముసలితనము వచ్చినప్పుడు అదే ఊరిలో చోటు దొరకకుండుట చిత్రము.

కార్యాలయములు సాధారణముగా మూడు నాలుగేండ్లకొకసారి ఉద్యోగుల యంత్రములను మార్చుచుండును. గృహస్థులు ఆరేడేండ్లకు మార్తురు. వేరొక ప్రక్క ప్రభుత్వ పాఠశాలల సంగతి చూడుడు. ఉమ్మడి రాష్ట్రమున 2008లో ఐదువేల ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యా పథకము ఆరంభమైనది. నిర్వహణ బాధ్యత ఐదేండ్లకు ఒప్పందముపై ప్రైవేటు సంస్థలకు అప్పగింపబడినది. గడువు తీరిన తరువాత పెక్కు పాఠశాలలలో ఆ గదికి తాళము పడినది. యంత్రము చెడినందున పడిన తాళములు కొన్ని. బాగుచేయుట ఎట్లో చెప్పువాడు లేక పడిన తాళములు అంతకంటె ఎక్కువ. తాళముచెవి ఇప్పుడు ఏ ఉపాధ్యాయుని వద్ద నున్నదో ఆయన ఈ దిగువ వ్రాసినదానిని కొంచెము ఓపికతో చదువవలెను.

మొట్టమొదట తెలియవలసినది, యంత్రము మనిషివలె ముసలిదికాదు. ప్రాసెసరు అను గణక హృదయము పదేండ్ల క్రిందట సెకనుకు ఎన్ని లెక్కలు చేసెనో నేడును అన్నియే చేయగలదు. దానికి కీళ్లనొప్పులు లేవు. మారినది దానిపై మోపిన బరువు. 1995లో వచ్చిన విండోస్ 95 నడచుటకు కనీసము 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తి చాలునని తయారీదారులు చెప్పిరి. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసము 4 గిగాబైట్లు కావలెనన్నారు. అనగా ఇరువదియారేండ్లలో వేయిరెట్లు. వ్రాయు ఉత్తరము మాత్రము వేయిరెట్లు పొడవు కాలేదు. ప్రశ్నపత్రమునకు వేయిరెట్ల ప్రశ్నలు రాలేదు. స్విట్జర్లాండు దేశపు కంప్యూటరు శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే, యంత్రములు వేగవంతములగుటకంటె సాఫ్ట్‌వేరు మందగించుట త్వరగా జరుగుచున్నదని ఎత్తిపొడిచినాడు. ఆ మాట నేటికిని చెల్లుచున్నది.

కాబట్టి ముసలి యంత్రమును బాగుచేయుట యనగా రెండు పనులు: బరువు దింపుట, ఇరుకు విప్పుట. రెండవదానినే ముందు చెప్పవలసియున్నది. ఏలయన, అందరును మొదటిదానిని మాత్రమే చేసి విసిగిపోవుచున్నారు.

విద్యార్థులకు సులభముగా బోధపడుటకు ఒక గ్రంథాలయమును ఊహింతము. చదువుకొను పండితుడు ప్రాసెసరు. ఆయన ముందున్న బల్ల ర్యామ్. గోడవెంట నున్న బీరువా హార్డ్‌డిస్కు. బల్ల పెద్దదైనచో పది పుస్తకములు పరచుకొని తడుముకొనకుండ చదువును. బల్ల చిన్నదైనచో ఒక పుస్తకము తెరచుటకు మరొకదానిని బీరువాలో పెట్టి రావలెను. మరల దానికొరకు లేవవలెను. పండితుడెంత చురుకైనవాడైనను దినమంతయు బీరువాకు బల్లకు నడుమ తిరుగుటతోనే సరిపోవును. రెండు గిగాబైట్ల ర్యామ్‌గల యంత్రములో నేటి బ్రౌజరు తెరచినప్పుడు జరుగుచున్నది ఇదే. ఆ సమయమున పెట్టెలోని చిన్న దీపము ఆగక మిణుకుమిణుకుమనుచుండును. కంప్యూటరు ఆలోచించుచున్నదని పిల్లలు అనుకొందురు. అది ఆలోచించుటలేదు, నడచుచున్నది.

ఆ నడక ఎంత మందమో లెక్కవేసి చూడవచ్చును. పాత హార్డ్‌డిస్కులో అద్దమువలె మెరయు పళ్లెము ఒకటి నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగును. దానిపై గ్రామఫోను ముల్లువంటి చేయి కదలుచు అక్షరములను వెదకును. 7200 మారులు తిరుగు పళ్లెము ఒక చుట్టు చుట్టుటకు సెకనులో నూటయిరువదవ వంతు పట్టును. చేయి జరుగుటకు మరికొంత. వెరసి, చెల్లాచెదరుగా నున్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు సుమారు నూటికి మించి తీయలేదు. యంత్రము మేలుకొనునప్పుడు కావలసిన ఫైళ్లు వేలకొలది. ఉదయము ఒక మీట నొక్కి, టీ త్రాగి వచ్చువరకు తెర సిద్ధము కాకుండుటకు కారణమిది. దీనికి బదులుగా ఎస్.ఎస్.డి. అను కదలని డిస్కును అమర్చినచో, తిరుగు పళ్లెము లేదు, జరుగు చేయి లేదు. అదే పని సెకనుకు వేలమారులు జరుగును. మూడు నిమిషములకు మేలుకొను యంత్రము అర నిమిషములోపున మేలుకొనుట సామాన్యము.

ముసలి కంప్యూటరుకు చేయదగిన చికిత్సలలో ఇంతకు మించినది లేదు. వేరేమియు చేయ వీలుకానప్పుడు ఇదొక్కటి చేసిన చాలును. సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో అరచేతిలో ఇముడు ఆ డిస్కు దొరకును. పాత డిస్కునకు ఏ తీగెలున్నవో సామాన్యముగా అవే తీగెలు దీనికి సరిపోవును. విప్పుటకు ఒక స్క్రూడ్రైవరు, పావుగంట కాలము. ర్యామ్ విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4 అను రకములు చూచుటకు అన్నదమ్ములవలె నుండును గాని ఒకదాని గాడిలో మరొకటి కూర్చుండదు. నడుమనున్న నొక్కు వేరుచోట నుండును. పాతది ఊడదీసి జేబులో వేసికొని పోయి, దానిని చూపి, దానివంటిదే తెచ్చుకొనుట ఉత్తమము. ఆపరేటింగ్ సిస్టము 32 బిట్ల దైనచో 4 గిగాబైట్లకు మించి పెట్టిన ర్యామ్ వృథా యగునని కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక పైసా ఖర్చులేని చికిత్స ఒకటి కలదు. ధూళి దులుపుట. తెల్లాపూరు వంటి నిర్మాణములు సాగుచున్న ఊళ్లలో సిమెంటు దుమ్ము కిటికీలు మూసినను ఆగదు. ప్రాసెసరుపై నున్న ఫ్యాను ఆ దుమ్మును లోపలికి పీల్చి, హీట్‌సింకు రేకుల నడుమ పరుపువలె పేర్చును. గాలి ఆడదు, ప్రాసెసరు వేడెక్కును. వేడెక్కిన ప్రాసెసరు కాలిపోకుండ తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. ఎండాకాలమున మధ్యాహ్నపు తరగతిలో మెల్లగానుండి ఉదయము బాగుండు యంత్రము ఉన్నచో ఈ జబ్బేయని అనుమానింపవచ్చును. కరెంటు తీగె తీసి, మూత విప్పి, మెత్తని కుంచెతో తుడువవలెను. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకొని గాలి ఊదవలెను. ప్రాసెసరుకు హీట్‌సింకుకు నడుమ పూసిన థర్మల్ పేస్టు ఏండ్లు గడచిన పిదప ఎండి సున్నపు పెచ్చువలె నగును. దానిని తుడిచి పప్పుగింజంత కొత్త పేస్టు పెట్టినచో, కేకలు వేయుచుండిన ఫ్యాను నెమ్మదించును.

మరొక చిన్న జబ్బు పెద్ద జబ్బువలె కనబడును. యంత్రము తెరచినప్పుడెల్ల తేదీ ఎన్నో ఏండ్ల వెనుకకు పోవును. ఇంటర్నెట్టులో ఏ పుట తెరువబోయినను నమ్మదగినది కాదని తెర మొరాయించును. వైరస్ సోకినదని భయపడి యంత్రమును మూలనుంచినవారు కలరు. వాస్తవమునకు లోపల గుండీవంటి బ్యాటరీ ఒకటి, సి.ఆర్.2032 అను పేరుగలది, చచ్చిపోయినది. కరెంటు లేనప్పుడు గడియారమును నడపునది అదే. ఇంటర్నెట్టు పుటలకు కాలపరిమితిగల ధ్రువపత్రములుండును. నేడు 2010వ సంవత్సరమని నమ్ముచున్న యంత్రమునకు ఆ పత్రములు ఇంకను పుట్టలేదు. గడియారముల దుకాణములో దొరకు ఆ బిళ్ల మార్చినచో రోగము కుదురును.

ఇప్పుడు బరువు దింపుట. యంత్రము మేలుకొనగానే పిలువని పేరంటమునకు వచ్చినట్లు తమంతట తామే లేచి కూర్చుండు ప్రోగ్రాములు ఎన్నియో యుండును. వానిలో అక్కరలేనివానిని ఆపుటకు అమరికలలో చోటు కలదు. ఒకే యంత్రములో రెండు యాంటీవైరసులను పెట్టుట మరొక దురభ్యాసము. ఒక ఇంటికి ఇద్దరు కాపలాదారులను పెట్టగా వారు ఒకరినొకరు దొంగయని పట్టుకొన్నట్లుండును. డిస్కు నిండుగానున్నను యంత్రము ఊపిరాడక కొట్టుకొనును. ఆరవ వంతైనను ఖాళీగా నుంచుట మేలు. పదిహేను ట్యాబులు తెరచియుంచి కంప్యూటరును తిట్టుట న్యాయముకాదు.

ఈ చికిత్సలన్నిటికిని లొంగని చిక్కు ఒకటి 2025లో వచ్చిపడినది. 2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సామాన్య రక్షణను విరమించినది. కొంతకాలపు పొడిగింపునకు వేరుగా అవకాశమిచ్చినను, విండోస్ 11 మాత్రము పాత యంత్రములను అంగీకరింపదు. ఇంటెల్ సంస్థ ఎనిమిదవ తరము ప్రాసెసర్లకు పూర్వపువి దాని జాబితాలో దాదాపుగా లేవు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు కూడ ఉండవలెను. చక్కగా పనిచేయుచున్న యంత్రములు దీనివలన ఒక దినమున పనికిరానివైనట్లు ప్రకటింపబడినవి. ప్రపంచమున 24 కోట్ల కంప్యూటర్లు ఈ కారణమున చెత్తలో చేరవచ్చునని కెనాలిస్ అను పరిశీలన సంస్థ 2023లోనే అంచనా వేసినది. వానిలో ఎన్ని మన బడులలోనివో ఎవరు లెక్కింతురు?

ఇచ్చట లినక్సు అక్కరకు వచ్చును. ఇది ఉచితము; దీని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. దీనిలో తేలికైన రూపములు కలవు. ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరతో వచ్చు లినక్స్ మింట్, లుబుంటు మొదలగునవి విండోస్ భరింపలేని యంత్రములలోను నెమ్మదిగా ఇముడును. పెన్‌డ్రైవులో ఎక్కించి, డిస్కును ముట్టుకొనకుండనే ముందు నడిపి చూచుకొనవచ్చును. నచ్చనిచో పెన్‌డ్రైవు తీసివేయుటయే. ఇంతకంటె నిరపాయమైన ప్రయోగము సైన్సు ప్రయోగశాలలో కూడ లేదు.

తెలుగువారికి ఇది పరాయి వస్తువు కూడ కాదు. 2005లో హైదరాబాదున ఆరంభమైన "స్వేచ్ఛ" అను సంస్థ డెబియన్ లినక్సును ఆధారము చేసికొని, మెనూలు ఆదేశములు తెలుగులో కనబడు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది. కళాశాల విద్యార్థులు కూడి మాటలను తెనిగించిరి. పాఠశాలల కొరకు "బాల స్వేచ్ఛ" అను తేలిక రూపమును సిద్ధపరచిరి. ఆ సంస్థ యున్న గచ్చిబౌలి తెల్లాపూరునకు దూరము కాదు. పొరుగున కేరళ రాష్ట్రము 2001లో ఆరంభించిన ఐటీ ఎట్ స్కూల్ పథకములో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే బడులన్నిటను వ్యాపింపజేసినది. అచ్చటి పిల్లలు పరీక్షలును దానిమీదనే వ్రాయుచున్నారు. మన వద్ద ప్రయత్నము లేకపోలేదు. ప్రయత్నమునకు వెనుక ఉత్తరువు లేదు.

అయితే లినక్సు వేసినంత మాత్రమున సమస్తము చక్కబడునని చెప్పుట కూడ తొందరపాటే. తెలుగు వ్రాతయందు ఒక చిక్కు కలదు. యూనికోడ్ వ్యాప్తికి పూర్వము మన ముద్రణాలయములన్నియు అను ఫాంట్లతో, పేజ్‌మేకరు అను సాఫ్ట్‌వేరుతో పనిచేసినవి. పేజ్‌మేకరు చివరి రూపము 2001లో వచ్చినది. ఆ పిమ్మట దాని తయారీ నిలిచినది. ఆ కాలపు వ్యాసములు, శుభలేఖలు, ప్రశ్నపత్రములు, సంచికలు ఆ లిపిలోనే నిలిచియున్నవి. నేటి యంత్రములో తెరచినచో ఇంగ్లీషు అక్షరముల గందరగోళము కనబడును. అందువలన నేటికిని అనేక డి.టి.పి. దుకాణములలో విండోస్ ఎక్స్‌పీతో నడచు పాత పెట్టె ఒకటి మూలన కొలువై యుండును. దానిని ముసలిదని ఎవరును పారవేయరు. ఆ దుకాణమునకు ఆ పెట్టెయే తాళపత్రముల పెట్టె. అట్టి యంత్రమునకు చేయదగిన సేవ రెండు విధములు: దానిని ఇంటర్నెట్టుకు తగిలింపకుండుట, దానిలోని రాతలను తీరిక చేసికొని యూనికోడులోనికి మార్చి వేరొకచోట దాచుట. పాఠశాల సంచికలు అచ్చువేయించిన ఉపాధ్యాయులు ఈ రెండవ పనిని వాయిదా వేయరాదు. ఆ హార్డ్‌డిస్కు ఆగిన దినమున ఇరువది ఏండ్ల విద్యార్థి రచనలు దానితో ఆగిపోవును.

ముసలి కంప్యూటరుచేత పని చేయించుకొనుటలో మానవులు ఎంతవరకు పోగలరో తెలియగోరువారు ఆకాశమువంక చూడవలెను. వాయేజర్ 1 అను వ్యోమనౌకను అమెరికావారు 1977 సెప్టెంబరు 5న పంపిరి. దానిలోని కంప్యూటర్లన్నిటి జ్ఞాపకశక్తి కలిపినను సుమారు 70 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనులో ఒక చిన్న ఫోటో అంతకంటె ఎక్కువ చోటు తీసికొనును. 2023 నవంబరులో అది అర్థములేని సంకేతములను పంపనారంభించినది. నాడు అది మనకు 2400 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. ఒక ఆజ్ఞ పంపినచో అచ్చటికి చేరుటకు ఇరువదిరెండున్నర గంటలు, జవాబు వచ్చుటకు మరి ఇరువదిరెండున్నర గంటలు. ఇంజనీర్లు నెలలతరబడి వెదకి, ఒక జ్ఞాపక చిప్పు చెడినదని కనుగొనిరి. దానిని మార్చుటకు పోగలవాడెవ్వడు? చెడిన చిప్పులోని ఆజ్ఞలను మరొకచోటికి తరలింపవలెను. అన్నిటికి సరిపడు ఖాళీ ఒక్కచోట లేదు. ఆజ్ఞలను ముక్కలుచేసి, దొరకిన చిన్న చిన్న సందులలో సర్ది, ముక్కలు ఒకదానినొకటి వెదకికొనునట్లు మరల కూర్చిరి. 2024 ఏప్రిలులో వాయేజరు స్పష్టముగా మాటలాడినది. నలుబదియారేండ్ల యంత్రము!

అయినను ప్రతి యంత్రమును బ్రతికింపబూనుట తగదు. ల్యాప్‌టాపు బ్యాటరీ ఉబ్బినచో దానిని వాడరాదు, గుచ్చరాదు, పిల్లలున్న గదిలో నుంచరాదు, అది అంటుకొనగలదు. పెట్టెలోని స్థూపాకారపు కెపాసిటర్ల తలలు ఉబ్బినచో మదరుబోర్డు అవసానదశలో నున్నదని తెలిసికొనవలెను. డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేసినచో మరుక్షణమే ముఖ్యమైన ఫైళ్లను వేరుచోటికి తీయవలెను. తక్కిన మరమ్మతులు ఆ తరువాత. ఇట్టివానిని పాత సామానులవానికి గాక అనుమతిగల రీసైక్లింగు కేంద్రమునకు పంపవలెను. 2022లో ప్రపంచమున వెలువడిన ఎలక్ట్రానిక్ వ్యర్థము 620 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక తెలిపినది. అందు సక్రమముగా సేకరించి శుద్ధిచేసినది నాలుగవ వంతు కూడ లేదు. మిగిలినది ఏ మురికివాడలోనో తీగెలు కాల్చి రాగి ఏరుకొను పసివారి ఊపిరితిత్తులలోనికి పోవుచున్నది.

మేడలలోని యంత్రము బడికి చేరవలెనన్నచో దాతయు ఒక పని చేయవలసియున్నది. తన బ్యాంకు లెక్కలు, కుటుంబ చిత్రములు అందులో నుండగా ఎవరును ధైర్యముగా ఇయ్యలేరు. అందువలన పెక్కుమంది డిస్కును ఊడదీసి డొల్లను దానమిత్తురు. కార్యాలయములును అట్లే చేయుచుండును. బడికి చేరిన పిమ్మట అది ఒక ఇనుప డబ్బా. డిస్కును పూర్తిగా చెరిపివేయు ఉచిత సాధనములున్నవి. అంతటి నమ్మకము లేనివారు, తీసిన డిస్కునకు బదులుగా ఒక చిన్న ఎస్.ఎస్.డి. పెట్టి ఇయ్యవచ్చును. చార్జరు మరువరాదు. చార్జరు లేక మూలపడిన దానములు మన బడులలో కొల్లలు.

తాళము పడిన ఆ గదిలో పది యంత్రములున్నవనుకొందము. అన్నిటిని ఒకేసారి బాగుచేయుట సాధ్యముకాదు, అవసరమును కాదు. పూర్తిగా చచ్చినవి నాలుగింటిని ముందు వేరుచేసి, వాని ర్యామ్ ముక్కలను, ఫ్యాన్లను, తీగెలను తీసి మిగిలిన ఆరింటికి పంచవలెను. ఆరింటికి ఆరు ఎస్.ఎస్.డి.లు కొనుటకు డబ్బు చాలనిచో మూడు కొని, తక్కిన మూడింటిని తేలిక లినక్సుతో సరిపెట్టవచ్చును. యు.పి.ఎస్. బ్యాటరీలు చచ్చియుండుట నిశ్చయము. కరెంటు హఠాత్తుగా పోవుచున్న ఊళ్లలో అవి లేకుండ పాత డిస్కులను నడపరాదు. ప్రతి పెట్టెపై తేదీ వేసి, ఏమి మార్చినదియు ఒక చీటీమీద వ్రాసి అంటించినచో, బదిలీపై తరువాత వచ్చు ఉపాధ్యాయునకు మరల మొదటినుండి వెదకుకొను శ్రమ తప్పును.

చచ్చిన నాలుగు పెట్టెలను వెంటనే పంపివేయనక్కరలేదు. ఎనిమిదవ తరగతి పిల్లల ముందు ఒకదానిని విప్పి పెట్టవచ్చును. డిస్కు మూతకున్న ఆరు మూలల చిన్న మరలను విప్పుటకే వారికి ఒక పీరియడు పట్టును. లోపలి పళ్లెమును వెలుతురులో నుంచి, ఇన్నాళ్లు తమ తెర ఆలస్యమైనది దీనివలననేయని వారే కనుగొందురు. పాఠ్యపుస్తకములో గీసిన బొమ్మను ఆ గంట సేపు ఎవరును అడుగరు.